ఆటల అరుగు: అందరికీ బ్యాటు

పిల్లలూ! కిందటి వేసవి సెలవుల్లో నేను బంధువుల ఇంటికి జలదంకి వెళ్ళాను. కావలికి పడమటగా, ఉదయగిరి వైపు పోయే దారిలో ఉంది ఆ ఊరు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక అలా నడుచుకుంటూ ఊరి బయట బీడు దాకా వెళ్ళాను. అక్కడ పన్నెండు మంది మగపిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. గట్టు మీద, వేపచెట్టు నీడన, ఒక చిన్న అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె ముందు పన్నెండు జతల చెప్పులు వరసగా ఉన్నాయి.

"ఏమ్మా, నువ్వు ఆడటం లేదా?" అని అడిగాను.

"నేను చెప్పులకి కాపలా, తాతా. బాలు ముళ్ళకంపలో పడితే తెచ్చిస్తా" అంది.

"మరి బ్యాటింగు?"

"నాకు కొట్టను రాదంట. మా అన్న చెప్పినాడు."

"ఎప్పుడైనా కొట్టి చూశావా?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "బ్యాటు ఇయ్యందే ఎట్టా కొట్టేది తాతా?" అంది.

నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే ఆ పిల్ల అడిగిన ప్రశ్నే నేను కూడా అరవై ఏళ్ళ కిందట అడగవలసింది, అడగలేదు. నేను చదివిన బడిలో వారానికి ఒక రోజు ఆటల పీరియడు ఉండేది. ఒక్కటే బ్యాటు. నలభై మంది పిల్లలం. రెండేళ్ళపాటు నేను ఎండలో నిలబడి బంతులు ఏరి ఇచ్చాను. ఒకనాడు ఎలాగో నా వంతు వచ్చింది. మొదటి బంతికే వికెట్టు పడిపోయింది. అందరూ నవ్వారు. "వీడికి రాదురా" అన్నారు. నేనూ అలాగే అనుకుని మళ్ళీ బ్యాటు పట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తున్నది: నాకు రాకపోవటం కాదు, నేర్చుకునే వీలే లేకపోయింది. ఒక్క బంతి కొట్టి ఎవరికి వస్తుంది? ఒక్కసారి నీళ్ళలో దిగి ఎవరు ఈత నేర్చుకున్నారు?

సరే, ఆ పిల్లతో, "రేపు నువ్వొక పని చెయ్యి. చింతగింజలు తెచ్చుకో. ఎవరు ఎన్నిసార్లు బంతిని కొట్టారో గింజలు పెట్టి లెక్క చూడు" అన్నాను.

మర్నాడు అరగంటసేపు లెక్క పెట్టింది. మూడో తరగతి చదువుతున్నా లెక్కల్లో గట్టిపిల్ల. అందరికన్నా పెద్దవాడి పేర నలభై ఆరు గింజలు పడ్డాయి. బ్యాటు ఎవరిదో, వాడి పేర పందొమ్మిది. మిగిలిన అయిదుగురికి అయిదో ఆరో చొప్పున. తక్కిన అయిదుగురి పేర ఒక్క గింజ కూడా పడలేదు! వాళ్ళు అరగంటా నిలబడే ఉన్నారు.

చూశారా పిల్లలూ! ఇది ఆ పిల్లల తప్పు కాదు. వాళ్ళు ఆడుతున్నది పెద్దల ఆట. పెద్దల ఆటలో ఒకడు కొడతాడు, ఒకడు వేస్తాడు, మిగిలినవాళ్ళు కాచుకుని ఉంటారు. ఆట వచ్చినవాళ్ళకి అది బాగానే ఉంటుంది. ఇంకా నేర్చుకోవలసినవాళ్ళకి అది పనికిరాదు. వచ్చినవాడే ఇంకా కొడతాడు, ఇంకా బాగా వస్తుంది. రానివాడు నిలబడతాడు, ఎప్పటికీ రాదు.

మరి దీనికి ఉపాయం ఏమిటి? కొత్తది వెతకక్కరలేదు. మన తాతలు ఆడిన ఆటలోనే ఉంది.

"అమ్మాయీ, నీకు బిళ్ళంగోడు వచ్చా?" అని అడిగాను.

"ఓ! వొచ్చు. మా నాయనమ్మ నేర్పించింది" అంది.

ఒక ఊళ్ళో బిళ్ళంగోడు అంటారు, ఒక ఊళ్ళో గూటీబిళ్ళ అంటారు, తెలంగాణలో చిర్రగోనె అంటారు. ఆట ఒకటే. మూరెడు కర్ర, జానెడు లోపు బిళ్ళ. బిళ్ళకు రెండు కొనలూ సన్నగా చెక్కి ఉంటాయి. ఎందుకో తెలుసా? బిళ్ళ నేల మీద పడుకున్నప్పుడు దాని నడుము మాత్రమే నేలకు ఆనుతుంది. కొనలు కాస్త పైకి లేచి ఉంటాయి. ఒక కొన మీద కర్రతో కొడితే అది కిందికి దిగుతుంది, రెండో కొన చివాలున పైకి లేస్తుంది. మీరు తూగుడుబల్ల మీద ఆడేటప్పుడు ఒకరు దిగితే ఒకరు లేస్తారే, అదే సంగతి. సైన్సు పుస్తకంలో దీన్ని తులాదండం అంటారు. అలా గిరగిర తిరుగుతూ లేచిన బిళ్ళను నేల మీద పడకముందే ఇంకొక దెబ్బ కొట్టాలి.

ఆలోచించండి. బొటనవేలంత లావు కర్రతో, గాలిలో తిరుగుతున్న చిన్న బిళ్ళను కొట్టగలిగిన పిల్లకు, అరచేయంత వెడల్పు బ్యాటుతో బంతిని కొట్టటం రాదా? ఆ పిల్ల చూపుకూ చేతికీ మధ్య స్నేహం అప్పుడే కుదిరింది. అది ఆ పిల్లకు తెలియదు, వాళ్ళ అన్నకూ తెలియదు. అంతే.

ఇలాంటి కథే ఆస్ట్రేలియాలో జరిగింది. బౌరల్ అనే చిన్న ఊళ్ళో డోనాల్డ్ బ్రాడ్‌మన్ అనే కుర్రవాడు ఉండేవాడు. 1908లో పుట్టాడు. ఆడుకోవటానికి తోడు ఎవరూ లేనప్పుడు ఇంటి పెరట్లో ఒక్కడే ఆడుకునేవాడు. వాళ్ళ పెరట్లో నీళ్ళ తొట్టి ఉండేది. దాని కింద ఇటుకలతో కట్టిన గుండ్రని దిమ్మ. కుర్రవాడు గోల్ఫు బంతిని ఆ దిమ్మకేసి కొట్టేవాడు. దిమ్మ గుండ్రంగా ఉండటం వల్ల బంతి ఎటు తిరిగి వస్తుందో తెలియదు. వచ్చిన బంతిని బ్యాటుతో కాదు, ఒక వికెట్టు కర్రతో తిరిగి కొట్టేవాడు. వికెట్టు కర్ర వెడల్పు బ్యాటు వెడల్పులో మూడో వంతు. ఆ కుర్రవాడే పెద్దయి 52 టెస్టులు ఆడి, సగటున 99.94 పరుగులు తీశాడు. ఇప్పటిదాకా ఇంకెవరూ ఆ దరిదాపులకు రాలేదు. అతనికి పెరట్లో పాఠం చెప్పిన గురువు లేడు. కానీ అక్కడ వంతు కోసం వరసలో నిలబడే పని కూడా లేదు. సాయంత్రమయ్యేసరికి లెక్కలేనన్ని దెబ్బలు కొట్టేవాడు. రహస్యం అదే!

ఇక మా జలదంకి బడికి వద్దాం. బడి అంటే పలకా బలపం బడి కాదు, వేపచెట్టు కింద బడి. వారం రోజులు నడిపాం. మొదట ముగ్గురు వచ్చారు, తరవాత పన్నెండు మంది అయ్యారు. మేము ఏం చేశామో చెబుతాను. మీరూ చెయ్యవచ్చు.

మొదట బ్యాట్లు. కొన్న బ్యాటు ఒక్కటి చాలదు, ఇద్దరికి ఒకటి చొప్పున కావాలి. ఎండిన కొబ్బరిమట్ట మొదలు వెడల్పుగా, తేలికగా ఉంటుంది. చిన్నపిల్లలకు అంతకన్నా మంచి బ్యాటు లేదు. తాటిమట్ట కూడా బాగుంటుంది. కానీ దాని అంచుల్లో రంపం పళ్ళలాంటి కరుకు ఉంటుంది. పెద్దవాళ్ళ చేత కత్తితో చెక్కించుకోవాలి, పిడికి గుడ్డ చుట్టాలి. ఉదయగిరిలో కొయ్య చెంచాలూ గరిటెలూ చెక్కే పనివాళ్ళు ఉన్నారు, చూశారా? పట్టుకునే చేతికి ఇమిడేటట్టు పిడి చెక్కటమే వాళ్ళ పనితనం. బ్యాటుకూ అంతే. బ్యాటును నిలబెడితే మీ నడుముకు మించి ఉండకూడదు. పెద్ద అన్న బ్యాటు చిన్న తమ్ముడు ఎత్తితే బ్యాటే తమ్ముణ్ణి ఆడిస్తుంది.

బంతి మెత్తనిది కావాలి. టెన్నిసు బంతి, లేదా పాతగుడ్డలు చుట్టి నూలుతో కట్టిన బంతి. కార్కు బంతి వద్దే వద్దు. బిళ్ళ కూడా వద్దు. అది కంటికి తగిలితే కన్నే పోవచ్చు. పెద్దవాళ్ళు దగ్గర ఉన్నప్పుడు మాత్రమే బిళ్ళంగోడు.

ఇంకొక కట్టుబాటు: బ్యాటు చేతిలో ఉన్నవాళ్ళకు అయిదడుగుల లోపు ఎవరూ నిలబడకూడదు. కొట్టాక బ్యాటు విసిరెయ్యకూడదు. దీన్ని తప్పినవాళ్ళు ఒక ఆట బయట కూర్చోవాలి. మా బడిలో మొదటిరోజే పెద్దవాడు కూర్చున్నాడు. తరవాత ఎవరూ తప్పలేదు.

పట్టు ఎలా? కట్టెలు కొట్టే గొడ్డలి నేల మీద పడి ఉందనుకోండి. దాన్ని రెండు చేతులతో ఎలా ఎత్తుతారో బ్యాటును అలాగే ఎత్తండి. కుడిచేతివాటం వాళ్ళకు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. రెండు చేతులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. ఎడమ భుజం బంతి వచ్చే వైపు తిప్పి నిలబడాలి. ఎడమచేతివాటం వాళ్ళకు అంతా తారుమారు. వాళ్ళ చెయ్యి ఎవరూ మార్చవద్దు!

మొదటి ఆట పేరు కుదురు మీద బంతి. రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన చుట్టకుదురు ఉంచి, దానిలో బంతి నిలపాలి. పది అడుగుల దూరంలో రెండు రాళ్ళు పెట్టి వాకిలి చెయ్యాలి. బంతి ఆ వాకిలిలోంచి పోవాలి. జతలో ఒకరు పది దెబ్బలు కొడతారు, రెండోవారు బంతి ఆపి తెస్తారు. తరవాత మార్పు. కదలని బంతి కాబట్టి ఎవరికైనా తగులుతుంది. ఇక్కడ నేర్చుకోవలసింది ఒక్కటే: కొట్టాక కూడా చూపు కుదురు మీదే ఉండాలి. బంతి ఎటు పోయిందో చూద్దామని తల ముందే లేపారో, బ్యాటు కూడా దానితో లేస్తుంది, బంతి తప్పుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. పన్నెండు మంది పిల్లలు, ఆరు జతలు. బంతి తెచ్చి మళ్ళీ పెట్టటానికి ఒక్కొక్క దెబ్బకు పావు నిమిషం పట్టిందనుకోండి. అరగంటలో జతకు నూట ఇరవై దెబ్బలు, అంటే ఒక్కొక్కరికి అరవై. నిన్న ఒక్క గింజ కూడా దొరకనివాడికి ఇవాళ అరవై గింజలు! పిల్ల గింజలు చాలక ఇంటికి పరిగెత్తింది.

రెండో ఆట గెంతు బంతి. జతలో ఒకరు అయిదు అంగల దూరం నుంచి, చెయ్యి కిందినుంచి ఊపి, బంతిని మెల్లగా వెయ్యాలి. మొదటిరోజు నేల మీద దొర్లించాలి. మర్నాడు ఒక్క గెంతు గెంతేటట్టు వెయ్యాలి. కొట్టేవారు బంతి నేలను తాకగానే "గెంతు!" అనాలి, బ్యాటు తగలగానే "దెబ్బ!" అనాలి. పైకి అంటే చూపు తప్పదు. "గెంతు, దెబ్బ, గెంతు, దెబ్బ" అని పన్నెండు మంది అరుస్తుంటే బీడంతా కోలాటం ఆడినట్టు ఉండేది.

ఈ గెంతు సంగతి వెనక ఒక విడ్డూరం ఉంది. పెద్దల క్రికెట్టులో వికెట్ల మధ్య దూరం ఇరవై మీటర్లకు కాస్త ఎక్కువ. గంటకు నూట ముప్ఫయి కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆటగాడి దగ్గరికి రావటానికి పట్టేది దాదాపు అర సెకను. అంత లోపల బంతిని అడుగడుగునా చూడటం ఎవరి తరం? 2000లో ఇంగ్లండులో ఇద్దరు శాస్త్రజ్ఞులు బ్యాటింగు చేసేవాళ్ళ కంటిచూపు ఎటు పోతున్నదో పరికరాలతో కనిపెట్టారు. మంచి ఆటగాడు బంతి చేతిలోంచి విడిపోయేటప్పుడు చూస్తాడు. వెంటనే అతని చూపు ముందుకు దూకి, బంతి ఎక్కడ గెంతుతుందో ఆ చోట కాచుకుని ఉంటుంది! ఎంత నేర్పరి అయితే చూపు అంత తొందరగా అక్కడికి చేరుతుంది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. వందలసార్లు చూడగా చూడగా వచ్చేది.

మూడో ఆట కాళ్ళ కాపలా. దీన్ని ఇంగ్లండు పిల్లలు ఫ్రెంచి క్రికెట్టు అంటారు. ఒకరు బ్యాటు పట్టుకుని మధ్యలో నిలబడాలి. మోకాళ్ళ కింద కాళ్ళే వికెట్టు. మిగిలిన అయిదారుగురు చుట్టూ నిలబడి, బంతి ఎవరికి దొరికితే వారు, దొరికిన చోటినుంచే కాళ్ళకు గురిపెట్టి మెల్లగా వేస్తారు. కాళ్ళకు తగిలినా, కొట్టిన బంతిని ఎవరైనా నేల పడకుండా పట్టుకున్నా, బ్యాటు చేతులు మారుతుంది. మధ్యలో ఉన్నవారు పాదాలు కదపకూడదు. బ్యాటు మాత్రం వెనక్కీ ముందుకూ తిప్పవచ్చు. ఇందులో గట్టిగా కొట్టినవాడు గెలవడు, కాచుకున్నవాడు గెలుస్తాడు. మా పెద్దవాడు మూడుసార్లు గట్టిగా కొట్టబోయి మూడుసార్లూ దొరికిపోయాడు. చిన్నమ్మాయి పదిహేడు బంతులు కాచుకుంది.

నాలుగోది ఆగని ఆట. ఆరుగురు కొట్టేవాళ్ళు, ఆరుగురు బంతి వేసేవాళ్ళు. కొట్టేవారి పక్కగా ఎనిమిది అంగల దూరంలో ఒక రాయి పెట్టాలి. బంతి తగిలినా తగలకపోయినా కొట్టేవారు పరుగెత్తి రాయి చుట్టి రావాలి. బంతి తిరిగి చేతికి రాగానే వేసేవారు మళ్ళీ వేస్తారు. కొట్టేవారు వచ్చారా లేదా అని చూడరు. వికెట్టుకు తగిలిందా, తరవాతివారు వెంటనే వచ్చి బ్యాటు అందుకోవాలి. ఒక్క క్షణం ఆట ఆగదు. నిలబడి ఆవలించే వీలు ఎవరికీ ఉండదు. ఆడుతూ చూస్తున్న ఒక మేష్టారు, "ఇది ఆటల పీరియడులా లేదు, చీమల పుట్టలా ఉంది" అని నవ్వారు.

ఇక సైన్సు పేజీ వాళ్ళకు ఒక చిన్న ప్రయోగం. బ్యాటు పిడిని రెండు వేళ్ళతో వదులుగా పట్టి కిందికి వేలాడదీయండి. ఇంకొకరిని బంతితో బ్యాటు మీద మెల్లగా తట్టమనండి. అడుగునుంచి మొదలుపెట్టి జానెడు పైదాకా కొంచెం కొంచెంగా జరుపుతూ తట్టాలి. చాలా చోట్ల వేళ్ళకు జివ్వుమని అదురు తెలుస్తుంది. ఒక్క చోట మాత్రం అదురు దాదాపు తెలియదు, బంతి చక్కగా ఎగిరి వస్తుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోండి. బంతి బలం బ్యాటును అదిలించటంలో వృథా కాకుండా తిరిగి బంతికే చేరే చోటు అది. బలం లేని పిల్ల కొట్టిన బంతి ఒక్కొక్కసారి కంపలు దాటి పోవటంలో మర్మం అదే.

ఏడో రోజు సాయంత్రం మామూలు ఆట పెట్టారు. చిన్నమ్మాయి వంతు వచ్చింది. నా గుండె దడదడలాడింది. మొదటి బంతి తప్పింది. రెండోదీ తప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల పెదవులు కదపటం చూశాను. "గెంతు" అంటున్నది. మూడో బంతి బ్యాటుకు తగిలి నేల మీద జరజర దొర్లి వేపచెట్టు దాకా పోయింది. రెండు పరుగులు. నాలుగో బంతికి అవుటయింది. ఆ పిల్ల ఏడవలేదు. "అన్నా, మళ్ళీ నా వొంతు ఎప్పుడు?" అని అడిగింది. వాళ్ళ అన్న కాసేపు ఆలోచించి, "అయిదుగురి తరవాత" అన్నాడు. "రాదు" అనలేదు. నాకు అది చాలు. ఆ రోజు చెప్పులకు కాపలా ఎవరూ లేరు. చెప్పులు ఎక్కడికీ పోలేదు.

ఆడపిల్లలకు క్రికెట్టు ఎందుకు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. సికిందరాబాదులో ఒక తండ్రి కొడుకుతో పాటు కూతుర్ని కూడా క్రికెట్టు శిక్షణకు తీసుకుపోయాడు. ఆ పిల్లే మిథాలీ రాజ్. 2002లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఇంగ్లండులోని టాంటన్‌లో 214 పరుగులు చేసింది. మహిళల టెస్టుల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన మన మహిళల జట్టులో బౌలరు శ్రీచరణిది మన పక్కనున్న కడప జిల్లా. పాతరోజుల్లోకి పోతే, 1932లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి. కె. నాయుడు గారు తెలుగు కుటుంబంలో పుట్టినవారే. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టు మీద 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు! అయితే పిల్లలూ, మీరందరూ వాళ్ళలాగా కావాలని నేను అనను. అందరూ కారు, కానక్కరలేదు. అందరికీ బ్యాటు అందాలి, అంతే నేను కోరేది.

తల్లిదండ్రులకూ మేష్టర్లకూ ఒక మాట. పిల్లవాడు ఆటలో వెనకబడితే "వీడికి ఆటలు రావు" అనేముందు, వాడికి ఎన్ని దెబ్బలు కొట్టే వీలు దొరికిందో ఒక్క సాయంత్రం లెక్కపెట్టి చూడండి. చదువులో వెనకబడిన పిల్లవాడి సంగతీ ఇంతే. బోర్డు దగ్గరికి వాణ్ణి ఎన్నిసార్లు పిలిచాం?

పిల్లలూ, ఈ నెల మీకు పని ఇది. జేబులో చింతగింజలు పోసుకుని ఆటస్థలానికి వెళ్ళండి. మీ ఆటలో ఎవరికి ఎన్ని గింజలో లెక్క చూడండి. ఒక్క గింజా లేనివారు ఎవరో కనిపెట్టండి. వాళ్ళను పిలిచి, కుదురు మీద బంతి పెట్టి, బ్యాటు చేతికి ఇవ్వండి. వారం తరవాత మళ్ళీ లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయండి. వచ్చే నెల అరుగు మీద మళ్ళీ కలుద్దాం.